తెర పట్టిన చేతులు

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి పెద్ద కూడలి. నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రోడ్డు ఇక్కడే చీలుతుంది. ఆర్టీసీ డిపో, మెడికల్ కాలేజీ ఆసుపత్రి, రోడ్డు పొడుగునా హోటళ్లు, దగ్గర్లోనే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్ట. పగలూ రాత్రీ మనిషి అలికిడి ఆగని చోటు. ఇలాంటి చోట నాటకానికి జనం లేరంటే నేను నమ్మను. జనం ఉన్నారు. వాళ్లను ప్రేక్షకులుగా తయారుచేసుకునే పనే ఆగిపోయింది.

ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీదే ఈ సంవాదం. మాట్లాడుకునే ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. పెద్దబాపు బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, వయసులో ఉన్నప్పుడు ఊరి భాగోతాలకు హార్మోనియం వాయించినవాడు. బిడ్డ ఆయన తమ్ముని కూతురు, యూనివర్సిటీలో థియేటర్ చదివి వచ్చింది. చెర్వుగట్టు కింద చిందు యక్షగానం ఆడించాలని ఆమె సంకల్పం. అక్కడిదాకా ఇద్దరికీ పేచీ లేదు. ఆటకు ముందు జరిగే రిహార్సల్‌కీ, కళాకారులు రంగు పూసుకునే చోటికీ జనాన్ని పిలుద్దామని ఆమె అన్నది. పేచీ అక్కడ మొదలైంది.

పెద్దబాపు: ఆట ఆడిద్దాం బిడ్డా, నేను అడ్డం గాను. మేళంతోని నేనే మాట్లాడుత. కానీ రంగు పూసుకునే కాడికి జనాన్ని తోలుకపోతనంటున్నవే, గది నాకు నచ్చుతలేదు. మొఖానికి అర్దళం పూసుకొని, భుజకీర్తులు కట్టుకొని, కిరీటం పెట్టుకొని, గజ్జెలతోని తెర ఎనక నిలబడేదాకా ఆ మనిషి రావణాసురుడు గాడు. సగం రంగు పూసుకొని బీడి తాగుతున్నోన్ని చూసి వచ్చిన మనిషికి, ఆ రాత్రి రావణాసురుడు ఏడ కనపడుతడు?

బిడ్డ: కనపడుతడు పెద్దబాపూ. చిందోళ్ల ఆటల తెర ఎట్ల ఉంటదో నాకంటె నీకే ఎక్కువ ఎరుక. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని నిలబడుతరు. తెర కింద గజ్జెల కాళ్లు కనపడుతయి, పైన కిరీటం కనపడుతది. తెర పట్టినోళ్లయితె తల నుంచి కాళ్ల దాకా కనపడుతనే ఉంటరు. హార్మోనియం, మద్దెల, తాళం, వంత పాడేటోళ్లు అందరు ఆటలనే ఉంటరు. ఎవ్వరు దేన్ని దాసుకోలేదు. అయినా రాజు వచ్చిండంటె రాజు వచ్చిండనే అనుకున్నరు గద ఊరోళ్లు?

పెద్దబాపు: దాసుకోకపోతె తెర ఎందుకు మరి? కూచిపూడోళ్ల భామాకలాపంల సత్యభామ ముందుగాల తన జడ తెర మీదికెళ్లి యేస్తది. మొఖం సూపెట్టదు. ఆ జడను చూసి, దానికింద మనిషి ఎట్లుంటదో ఎవలకు వాళ్లు అనుకుంటుంటె, అప్పుడు తెర పోతది. ఆ కొంచెం సేపు ఆగుడుంటదే, ఆటంత అండ్లనే ఉంటది. నువ్వు సాయంత్రమే లోపటికి తోలుకపోతె ఆ ఆగుడు పాడైపోతది.

బిడ్డ: ఆగుడు పోదు. ఆ జడ ఎంత బరువుంటదో, దాన్ని ఎంతసేపు అల్లిండ్రో చూసినోళ్లు, అది తెర మీద పడ్డప్పుడు మిగిలినోళ్లకంటె ముందుగాల ముందుకు వంగి చూస్తరు. లోపల ఏమున్నదో తెల్వనోడు ఆశ్చర్యపోతడు, ఒప్పుకుంట. కానీ తెల్సినోడు ఎదురుచూస్తడు. నాకు ఎదురుచూసేటోళ్లు కావాలె. ఇంకొక మాట. నాటకమంటె ముందు వెలుగు, ఎనక చీకటి, నడుమ ఎవరు దాటకూడని గీత అనుకునుడు మన ఊళ్లకు పాత సంగతి గాదు. 1880 ప్రాంతంల ధార్వాడ కంపెనీ నాటకాలు తెలుగు దేశంల తిరిగినయి. పార్శీ కంపెనీలు రంగుల పరదాలు, సైడు వింగులు తెచ్చినయి. రాజమండ్రిల కందుకూరి వీరేశలింగం 1880ల ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించిండు. అప్పటిసంది మనకు మూసిన స్టేజీ అలవాటయింది. గది కొత్తగ వచ్చిన ఇల్లు. మన ఆట అంతకు ముందు నుంచి వాకిట్లనే ఉన్నది.

పెద్దబాపు: కొత్త ఇల్లయితె ఏమాయె? ఆ ఇంట్ల పుట్టినోళ్లే సురభోళ్లు. 1885ల కడప జిల్లా సురభి ఊళ్లె కీచకవధ ఆడిండ్రు. వనారస గోవిందరావు కాలం సంది కుటుంబాలకు కుటుంబాలే నాటకాన్ని పట్టుకొని బతికినయి. వాళ్ల ‘మాయాబజార్’ చూసినవా? బాణాలు గాలిల ఎదురెదురుగ వచ్చి తాకితె నిప్పురవ్వలు లేస్తయి. నారదుడు మీదికెళ్లి దిగుతడు. ఆ తీగలు, ఆ గిలకలు ఎవలన్న సూపెడుతరా? సూపెట్టకనే గద ఇన్నేండ్లు నిలబడ్డరు!

బిడ్డ: తీగలున్నయని ‘మాయాబజార్’ చూసే ప్రతి పిల్లగానికి తెల్సు పెద్దబాపూ. తెల్సి గూడ చప్పట్లు కొడుతడు. తీగ ఉన్నా కనపడకుండ ఎట్ల చేసిండ్రని కొడుతడు. సురభిల నటులు ఎట్ల తయారయిండ్రో సూడు. ఏ బడిల చేర్పిచ్చిండ్రు వాళ్లను? సైడు వింగుల పండుకొని, నిద్రల పద్యాలు ఇనుకుంట పెరిగినోళ్లు వాళ్లు. స్టేజీ మీదికెళ్లి లోపటికి వచ్చిన మనిషి కిరీటంతోనే పోయి తాడు గుంజుతడు, లైటు మార్పిస్తడు. తెర ఎనక నుంచి నాటకాన్ని చూసుకుంట పెరుగుడే ఆ కంపెనీకి ప్రాణం. ఆ భాగ్యం వాళ్ల పిల్లలకే ఎందుకుండాలె? నార్కట్‌పల్లి పిల్లలకు ఒక్కపూట దొరకొద్దా?

పెద్దబాపు: వాళ్ల పిల్లలు అక్కడ పని జేసిండ్రు. నీ పిల్లలు అక్కడ ఫోన్లు పట్టుకొని ఫొటోలు దిగుతరు. రెండు ఒకటి గావు.

ఈ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పనక్కర్లేదనీ కాదు. కేరళ సంగతి ఆమె మనసులో ఉండి ఉంటుంది. కొచ్చిలో కథకళి ఆడే కేంద్రాల్లో ఆటకు ముందు మేకప్‌ను కూడా చూడనిస్తారు. నటుడు పడుకుని ఉంటే, చుట్టి కట్టే మనిషి అతని దవడ చుట్టూ తెల్లటి అంచు అతికిస్తుంటాడు. చుట్టూ యాత్రికులు నిలబడి ఉంటారు. కథకళి భాష తెలియనివాళ్లకు అది మంచి ప్రవేశమే. అయితే వాళ్లలో చాలామంది మర్నాడు ఇంకో ఊరికి వెళ్లిపోతారు. చూడనిచ్చినంత మాత్రాన ప్రేక్షకులు తయారుకారన్నది పెద్దబాపు పట్టుకున్న కొస. అది గట్టి కొసే.

బిడ్డ: పని జెయ్యాలంటవా? సరే, పనే ఇద్దాం. తెర పట్టే ఇద్దరు మన హైస్కూలు పిల్లలే ఎందుకు కావొద్దు? గజ్జెలు ఎవల కాడ ఏ జత ఉన్నదో లెక్క రాసుకునేటోళ్లు, దీపాలు మోసేటోళ్లు, మైకు చూసుకునేటోళ్లు. పని జేసిన పిల్ల ఒక్కతె వచ్చినా ఆమె ఎనక అమ్మ వస్తది, నాయనమ్మ వస్తది, పక్కింటోళ్లు వస్తరు. సినిమాకు పోస్టరు చాలు. నాటకానికి తెల్సిన మనిషి ఒక్కరన్న కావాలె.

పెద్దబాపు: ఆ ముచ్చట బాగున్నది. ముందుగాల గట్ల చెప్పకపోతివి!

బిడ్డ: నువ్వు చెప్పనిచ్చినవా?

పెద్దబాపు: అయితె ఇను. రిహార్సల్‌కు జనాన్ని పిలుచుడు కూడ నాకు అనుమానమే. రిహార్సల్‌ల నటుడు తప్పు జేస్తడు. తప్పు జెయ్యాలె. రాగం జారాలె, అడుగు తప్పాలె, తాళగానితోని కొట్లాడాలె. అక్కడ పరాయి కండ్లుంటె తప్పు చేసుడు మానేసి వచ్చినదాన్నే మల్లమల్ల చేసి సూపెడుతడు. అప్పుడు రిహార్సల్ గూడ ఆటే అయితది. ఆట ఎదగదు.

బిడ్డ: నిజమే. మా యూనివర్సిటీల గూడ మొదటి రోజులు తలుపులు మూసుకునే చేసేది. కానీ నువ్వు హార్మోనియం వాయించిన భాగోతం సంగతి చెప్పు. ఆ రిహార్సల్ ఏడ జరిగేది?

పెద్దబాపు: గుడి ముంగట. ఇంకేడ జరుగుతది? చెర్విరాల బాగయ్య రాసిన యక్షగానాల పుస్తకం ఒకటి ఉండేది. నేర్పే పంతులు వచ్చి ఊళ్లె ఉండి చెప్పేటోడు. పగలంత ఎవుసం, పొద్దుమూకినంక బువ్వ తిని గుడి ముంగటికి వచ్చేది. పంతులు ఒక దరువు చెప్తె వేషగాడు పట్టుకునేది. పట్టుకోలేకపోతె తిట్లు. చుట్టు ఆడోళ్లు, పిల్లలు కూసునేది.

బిడ్డ: మరి ఆ కండ్లు పరాయి కండ్లు గావా?

పెద్దబాపు: (కొంచెం సేపు ఆగి) గావు. వాళ్లు మనోళ్లే. వేషగానికి దరువు రాకపోతె ఎనక కూసున్న పిల్లగాడు అందిచ్చేది. ఆట నాటికి సగం ఊరికి ఆట నోటికి వచ్చి ఉండేది. కృష్ణుడు ఏ దరువు కాడ తడబడుతడో అందరికి ఎరుకే. ఆ రాత్రి తడబడకుండ పాడితె చదివింపులు ఎక్కువ పడేది.

బిడ్డ: నేను అడుగుతున్నది గదే పెద్దబాపూ. ఆయన ఏ దరువు కాడ తడబడుతడో తెల్సినోళ్లే అసలు ప్రేక్షకులు. ఆ తెలివి వాళ్లకు ఆట రాత్రి రాలేదు, అంతకు ముందటి రాత్రులల్ల వచ్చింది.

పెద్దబాపు: నువ్వు ఒక మాట తప్పిస్తున్నవు. పద్యనాటకాల సంగతి తీస్కో. ‘కురుక్షేత్రం’ కాంట్రాక్టు నాటకాలు ఆడేది. ఒక్క రాత్రిల ముగ్గురు కృష్ణులు ఉండేది. ఒక్కో సీనుకు ఒక్కో నటుడు. రాయబారం సీనుకు ఒకాయన, ఇంకో సీనుకు ఇంకొకాయన. జనం బండ్లు కట్టుకొని పోయేది. మొదటి కృష్ణుడు పద్యాన్ని ఏ రాగంల ఎత్తుకున్నడు, రెండో ఆయన ఏడ ఆలాపన చేసిండు, గొంతు ఏడ పట్టింది, ఇదంత లెక్క చేసుకొని పొద్దుగాల టీకొట్ల కాడ తగువు పెట్టుకునేది. హరిశ్చంద్రల కాటిసీను పాడి పడిపోయినోన్ని ‘వన్స్ మోర్’ అంటె లేచి మల్ల పాడేది. వాళ్లల్ల ఎవలన్న మేకప్ రూము చూసిండ్రా? ఎవలన్న రిహార్సల్‌కు పోయిండ్రా? పోలేదు. వందల రాత్రులు ముందు కూసొని చూసి చూసి నేర్చుకున్నరు. తెలివి తెర ఎనక లేదు బిడ్డా, తెర ముందర ఎక్కువ రాత్రులు కూసుంటె వస్తది.

బిడ్డ: ముగ్గురు కృష్ణులున్నా ఎవ్వరు ‘ఇదేంది, కృష్ణుని మొఖం మారింది’ అనలేదు సూడు. అంటె వాళ్లు చూసింది భ్రమను గాదు. పనితనాన్ని చూసిండ్రు. నేను కోరేది ఆ చూపే. నువ్వు చెప్పిన వందల రాత్రుల మాట నేను కాదనను. కాని ఆ రాత్రులు ఇప్పుడు ఏడున్నయి? మన పిల్లలకు ఏడాదికి ఒక్క నాటకం దొరుకుతలేదు. ఒక్క రాత్రి చూసి ‘కురుక్షేత్రం’ ప్రేక్షకుడు కమ్మంటె ఎట్ల అయితడు? అందుకే దగ్గరిదారి కావాలె. ఒక్క ఆటను వారం ముందు నుంచి చూస్తె, ఆ పిల్లకు ఒక్క ఆటల ఏడు రాత్రులు దొరుకుతయి.

పెద్దబాపు: దగ్గరిదారి అనే మాటే నాకు భయం.

బిడ్డ: భయమే ఉండాలె. నాకు గూడ ఉన్నది.

పెద్దబాపు: అసలు భయం చెప్పనా? ఇప్పటిదాక కళ గురించి మాట్లాడుకున్నం. మనుషుల గురించి మాట్లాడలేదు. చిందోళ్లు ఎవరు? మాదిగ ఇండ్లను నమ్ముకొని బతికిన కులం. ఏ మేళానికి ఏ ఊర్ల మీద మిరాశి ఉండేనో ఆ ఊళ్లకే పోయి ఆడాలె, అక్కడ పెట్టింది తీసుకోవాలె. ఆ మేళం ఊరికి వస్తె దిగేది ఏడ? బడి వరండాల, లేకపోతె చెట్టు కింద. నీళ్లు మోసుకోవాలె. వాళ్లల్ల ఆడోళ్లు గూడ వేషాలు కడుతరు. చిందు ఎల్లమ్మ అంత గొప్పది, మగ వేషాలు గూడ కట్టి పేరు తెచ్చుకున్నది, ఆమె గూడ బట్టలు మార్చుకునుటానికి నాలుగు గోడల రూము ఎన్ని ఊళ్లల్ల దొరికి ఉంటదంటవు? గసంటి కాడికి నువ్వు ఊరి పిల్లల్ని, ఫోన్లను తీస్కపోయి ‘ఇది తెర ఎనక’ అని సూపెడుతవా? వాళ్ల ఇల్లు అది. ఆ పూటకు అదే వాళ్ల ఇల్లు. మన ఇంట్ల స్నానం చేసే చోటికి ఎవలన్న గిట్ల వస్తమంటె ఊకుంటమా?

బిడ్డ: …ఊకోం.

ఇక్కడ వాదం ఆగిపోవాలి. నేనైతే ఆపుతాను. నాటకాన్ని లోపలి నుంచి చూపించాలని రాసేవాళ్లం, అందులో నేనూ ఉన్నాను, ఆ లోపల అనే చోటు ఎవరికి ఉన్నదని ముందు అడగాలి. రవీంద్రభారతిలో గ్రీన్ రూముకు తలుపు ఉంటుంది, గొళ్లెం ఉంటుంది. వరండాలో దిగిన మేళానికి ఊరంతా ముందుభాగమే. వాళ్లకు మూసుకునే హక్కు లేనప్పుడు మనం తెరవడం గురించి మాట్లాడటం అన్యాయం. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఢిల్లీ దాకా చేరింది. ఊరి బడి వరండాకు ఇంకా చేరాలి.

బిడ్డ: నువ్వు చెప్పింది నా పథకంల లేదు పెద్దబాపూ, ఉండాల్సింది. ముందుగాల రూములు కావాలె. గట్టు కింద సత్రంల రెండు రూములు అడుగుదాం, ఆడోళ్లకు వేరే, మగోళ్లకు వేరే. నీళ్లు, లైటు, లోపటికెళ్లి గొళ్లెం. బట్టలు మార్చుకునే కాడికి ఎవరు పోవద్దు, కెమెరా అసలే పోవద్దు. ఎవలన్న వేషగాడు తనంతట తాను బయటికి వచ్చి, పిల్లల నడుమ కూసొని రంగు పూసుకుంటనంటె పూసుకుంటడు. ఏం సూపెట్టాలె, ఏం సూపెట్టొద్దు అన్నది మేళం చెప్పాలె. నేను గాదు.

పెద్దబాపు: ఇప్పుడు దారికి వచ్చినవు.

బిడ్డ: దారికి రాలేదు, దారి మారింది. నా మాట ఇంక ఉన్నది. మిరాశి అన్నవు. మిరాశి అంటె ప్రేక్షకులు వంశపారంపర్యం. ఫలానా ఊరు చూడాలె, ఫలానా కులం పెట్టాలె. ఆ ప్రేక్షకుని చేయి మీదుండేది, కళాకారుని చేయి కిందుండేది. ఆ ప్రేక్షకులు పోయిండ్రని నువ్వు బాధపడుతున్నవు. నాకు సగమే బాధ. కొత్త ప్రేక్షకుడు టికెట్ కొనుక్కొని వచ్చి కూసోవాలె. ఆట నచ్చితె మల్ల రావాలె, నచ్చకపోతె రావొద్దు. పెట్టుడు, ఇచ్చుడు మాటే ఉండొద్దు.

పెద్దబాపు: టికెటా! గట్టు కింద టికెట్ పెడితె ఎవడొస్తడు? దేవుని దర్శనానికి వచ్చినోడు ఆటకు పైసలిస్తడా?

బిడ్డ: అమాసకు వచ్చి రాత్రంత గుట్ట కాడ నిద్ర చేసేటోళ్లు ఎంతమంది ఉంటరో నువ్వే సూస్తవు. మాఘమాసం జాతరకు అగ్నిగుండాల కాడ అడుగు పెట్ట సందుండదు. టీ తాగినంత ధర పెడుదాం. పిల్లలకు వద్దు. ఇంక మెడికల్ కాలేజీ ఉన్నది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదివే పిల్లలు. ఆసుపత్రిల పేషెంట్ల ఎంబడి వచ్చినోళ్లు సాయంత్రమయితె ఏం తోచక మెట్ల మీద కూసుంటరు. డిపోల డ్యూటీ దిగిన కండక్టర్లు. హోటళ్లల్ల పని జేసే బయటి రాష్ట్రాల పిల్లలు. వీళ్లను ఎవలన్న నాటకానికి పిలిచిండ్రా? ఒక్కరోజు గూడ పిలవలేదు. పిలవకుండ జనం వస్తలేరంటున్నం.

పెద్దబాపు: బయటి రాష్ట్రం పిల్లగానికి మన దరువు ఏం సమజయితది?

బిడ్డ: అందుకే తెర ఎనక! భాష రానోనికి అదే తలుపు. గజ్జె ఎట్ల కడుతరు, అర్దళం రాయి నూరితె మొఖం మీద ఎట్ల మెరుస్తది, పొణికి కర్ర కిరీటం చేతిల పెడితె ఎంత తేలిక ఉంటది, దీనికి భాష అక్కర్లేదు. ఒక్కసారి కిరీటం చేతిల పట్టుకున్నోడు, ఆ కిరీటం వస్తున్నదంటె తల లేపి చూస్తడు.

పెద్దబాపు: అవన్ని ఒక్క రాత్రి ముచ్చట్లు. ఎల్లుండి ఆ పేషెంటు డిశ్చార్జి అయి పోతడు. నీ ప్రేక్షకుడు ఆయనెంబడే పోతడు. ఊరు ఊరుగ నాటకం చూసే అలవాటు కావాల్నంటె గట్ల గాదు. కర్ణాటకల హెగ్గోడు అని ఒక ఊరున్నది, నువ్వు చదివే ఉంటవు.

బిడ్డ: శివమొగ్గ జిల్లా. నీనాసం. కె.వి. సుబ్బణ్ణ. 1949ల మొదలుపెట్టిండ్రు. 1980ల నాటకాల బడి, 1985 నుంచి ‘తిరుగాట’ అని ఏటేటా కొత్త నాటకాలు తీస్కొని కర్ణాటకంత తిరుగుతరు. 1991ల సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు వచ్చింది. నువ్వు నా తరఫున మాట్లాడుతున్నవు పెద్దబాపూ.

పెద్దబాపు: నీ తరఫున గాదు. పోకతోటలున్న చిన్న ఊళ్లె ముప్పై, నలభై ఏండ్లు ఆగకుండ చేసిండ్రు. అదీ సంగతి. ఒక్క జాతరకు ఆడి ‘కొత్త ప్రేక్షకులు’ అంటె ఎట్ల? ఏటా అదే నెల, అదే చోటు, అదే పొద్దుకు ఆట ఉంటదని ఊరికి తెల్వాలె. నాటకం లేని ఏడు ఊరికి ఎలితి కావాలె. నువ్వు మేకప్ సూపెట్టినా, సూపెట్టకపోయినా, అది లేకపోతె ఏది నిలబడదు.

బిడ్డ: దీనికి నేను ఒప్పుకుంటున్న. కాని హెగ్గోడుల వాళ్లు ఒట్టిగ ఆడి పోలేదు. రాత్రి ఆట, తెల్లారి అదే ఆట మీద మాట. నటులు, డైరెక్టరు, చూసినోళ్లు కలిసి కూసొని మాట్లాడుకునేటట్టు శిబిరాలు పెట్టిండ్రు. అది గూడ తెర తీసుడే. నువ్వు చెప్పిన టీకొట్టు తగువును వాళ్లు పద్ధతిగ చేసిండ్రు. హైదరాబాద్ యూనివర్సిటీల గూడ థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ అని పెట్టి క్యాంపస్ గోడ బయట నాటకం పెంచాల్నని పని చేసిండ్రు. మనకు అనుభవం లేక గాదు, కొనసాగింపు లేక.

పెద్దబాపు: ఇంకొకటి. ఆట దేని మీద? నువ్వు మేళాన్ని, రూముల్ని, టికెట్‌ను చెప్పినవు, కథ చెప్పలేదు. 1947ల సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మాభూమి’ రాసిండ్రు. మన తెలంగాణ రైతు గోస అది. ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాలల్ల ఊరూరా ఆడినయి. మద్రాసు సర్కారు నిషేధం పెట్టేదాక పోయింది. వాళ్లకు ఏ మేకప్ రూమున్నది? ఇటు అప్పటి నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు కట్టి చెప్తుంటె జనం ఎందుకు వచ్చిండ్రు? తమ బతుకే అండ్ల ఉన్నదని. తెర ముందు, తెర ఎనక అని ఎవలు అడిగిండ్రు?

బిడ్డ: ఎవలు అడగలే, ఎందుకంటె అక్కడ తెరే లేదు. సుద్దులు చెప్పేటోడు, ఇనేటోడు ఒక్క గుంపులనే ఉన్నరు. ఇవాళ సుద్దులు ఇన్నోడు రేపు తానే సుద్దులు చెప్పిండు. తెర ఎనకకు పోవుడంటె అంతకంటె ఎక్కువ పోవుడు ఏముంటది పెద్దబాపూ? ఫ్లోరైడు నీళ్లతోని నడుములు వంగిన మర్రిగూడ ముసలోళ్ల కథ మీద ఆట రావాలె. హైవే పక్కన భూములు అమ్ముకున్నోళ్ల మీద రావాలె. నేను కాదంట లేను. కాని ఆ ఆట ఎవలు రాస్తరు? ముందుగాల ఆట ఎట్ల తయారైతదో చూసిన పిల్లలే రాస్తరు.

పెద్దబాపు: ఆశ బాగానే ఉన్నది.

బిడ్డ: ఒక ఇంగ్లీషు నాటకం ఉన్నది, మైకేల్ ఫ్రేన్ 1982ల రాసిండు, ‘నాయిజెస్ ఆఫ్’ అని. మొదటి అంకంల ఒక నాటకం రిహార్సల్ చూస్తరు. రెండో అంకంల సెట్టు మొత్తం ఎనకకు తిరుగుతది. అదే నాటకాన్ని ఎనకకెళ్లి చూస్తరు, నటులు సప్పుడు చేయకుండ కొట్లాడుకుంటుంటరు. మూడో అంకంల మల్ల ముందుకెళ్లి. ప్రేక్షకులు పొట్టచెక్కలయ్యేటట్టు నవ్వుతరు. ఎందుకంటె ఏ తలుపు ఎప్పుడు తెరుసుకోవాల్నో అప్పటికి వాళ్లకు తెల్సు.

పెద్దబాపు: అది ఎనకను గూడ ముందుగ చేసి, గింజంత తప్పు లేకుండ ఆడే నాటకం. అసలు ఎనక గట్ల ఉండదు బిడ్డా. అసలు ఎనకంత ఎదురుచూసుడే. నా వంతు వచ్చేదాక హార్మోనియం మెట్ల మీద ఏళ్లు పెట్టుకొని గంటలు గంటలు కూసున్న. రావణాసురుడు రాత్రి పన్నెండు దాటినంక వస్తడు. సాయంత్రమే రంగు పూసుకొని కిరీటం పక్కన పెట్టుకొని గోడకు ఒరిగి ఉంటడు, దాహమైనా రంగు పోతదని జాగ్రత్తగ తాగుతడు. అండ్ల చూసేదేముంటది?

బిడ్డ: అదే చూడాలె. ఆ ఎదురుచూపును చూసిన పిల్లకు రాత్రి పన్నెండు గంటలకు నిద్రొస్తదా? నిద్రపోదు. ఆయన వంతు వచ్చేదాక ఆమె గూడ ఆయనతోని కూసుంటది.

పెద్దబాపు మాట్లాడలేదు. ఆ మాట ఆయనకు తగిలింది. ఎందుకో నాకు తెలుసు: తెల్లవారుదాకా కూర్చున్నవాళ్ల కోసం వాయించిన మనిషి ఆయన.

పెద్దబాపు: ఏ ఆట అనుకుంటున్నవు?

బిడ్డ: మేళం ఏది బాగ ఆడితె అది. ‘అల్లీరాణి’ అయితె పిల్లలు పట్టుకుంటరు. ‘జాంబపురాణం’ అయితె మాదిగల కులపురాణం, ఆ మేళానికి సొంతం, దాని లోతు ఎక్కువ.

పెద్దబాపు: ‘జాంబపురాణం’ అంటె ఊళ్లె కొందరు మొఖాలు తిప్పుకుంటరు.

బిడ్డ: తిప్పుకున్నోళ్లు ముందు వరుసల కూసొని తిప్పుకోవాలె. గట్లనన్న వస్తరు.

పెద్దబాపు: నీ ధైర్యం నాకు లేదు. కాని నేను వస్త. రిహార్సల్ హైస్కూల్ల పెడుదాం. మొదటి రెండు రోజులు మేళం ఒక్కటే. తర్వాత పిల్లలొస్తరు, మాట్లాడకుండ కూసోవాలె, ఫోన్లు హెడ్‌మాస్టర్ కాడ పెట్టాలె. తెర పట్టుటానికి ఇద్దరు పిల్లల్ని మేళపాయనే ఎంచుకోవాలె. టికెట్ ముచ్చట మాత్రం నాకు ఇంక మనసొప్పుతలేదు.

బిడ్డ: చదివింపులు ఉంచుదాం. టికెట్ గూడ ఉంచుదాం. పైసలన్ని ఎవలివి ఎన్ని వచ్చినయో ఆటయినంక మైకుల చదువుదాం, మేళం చేతిల పెడుదాం.

పెద్దబాపు: మేళపాయన పిల్లల్ని రిహార్సల్‌కు రానియ్యనంటె?

బిడ్డ: రానియ్యొద్దు. తలుపు వాళ్లది.

పెద్దబాపు: అప్పుడు నీ పథకం?

బిడ్డ: ఆట రాత్రికి పిలుద్దాం. వచ్చే ఏడు మల్ల అడుగుదాం.

పెద్దబాపు: పద, ఆయన ఫోన్ నంబరు నా డైరీల ఉన్నది. అడిగేది మాత్రం నువ్వే అడుగు. నేను అడిగితె పాత మొహమాటానికి సరే అంటడు.